ఆస్ట్రల్ వీల్ రేస్: మెల్‌బోర్న్ సైకిల్ పందెం

ఆస్ట్రేలియాలో విక్టోరియా రాష్ట్ర రాజధాని మెల్‌బోర్న్‌కు చెందిన ఆస్ట్రల్ వీల్ రేస్ 1887లో మొదలైంది. ప్రపంచంలో నేటికీ కొనసాగుతున్న అతి పాత ట్రాక్ సైకిల్ పందెంగా దీనికి పేరుంది. తొలి పోటీని మెల్‌బోర్న్ బైసికిల్ క్లబ్ నిర్వహించింది. వేదిక మెల్‌బోర్న్ క్రికెట్ గ్రౌండ్.

ఇది హ్యాండిక్యాప్ పందెం. అందరూ ఒకే గీత నుంచి బయలుదేరరు. మేటి సైక్లిస్టు అందరికంటే వెనుక, 'స్క్రాచ్' గీత దగ్గర నిలుస్తాడు. మిగిలినవారికి వారి వారి సామర్థ్యాన్ని బట్టి కొన్ని మీటర్ల ముందంజ ఇస్తారు. అందుకే స్క్రాచ్ నుంచి గెలవడం నిజంగా గొప్ప ఘనత. ముందున్నవారినందరినీ దాటితేగాని విజయం దక్కదు.

1901లో 'ప్లగ్గర్' బిల్ మార్టిన్ అనే అమెరికన్ విజేతగా నిలిచాడు. ఆ గెలుపు వెనుక బెట్టింగ్ కుమ్మక్కు ఉందన్న ఆరోపణలు వచ్చాయి. తొలినాళ్లలో పందెం దూరం రెండు మైళ్లు. తర్వాత 2,000 మీటర్లయింది.