కారం చేతులు, మోగే ఫోను: వ్యాపారానికి ఆటో రిప్లై పెట్టుకోవడం ఎలా?

"కేజీ ఎంతండీ?" "రేటు చెప్పండి." "ప్రైస్ ప్లీజ్." "హౌ మచ్ ఆంటీ?"

తెనాలిలో పచ్చళ్లు అమ్మే మా వదిన ఫోనులో ఏప్రిల్ నెల ఒక్క సాయంత్రం వచ్చిన మెసేజీలివి. మాటలు నాలుగు రకాలు, అడిగింది ఒక్కటే. ఆ సమయానికి ఆవిడ చేతులకు మోచేతుల దాకా కారం, నూనె. ఫోను అరుగు మీద మోగుతూనే ఉంటుంది, ముట్టుకునే వీల్లేదు. ముక్కలన్నీ జాడీలకెత్తి, చేతులు కడుక్కుని, గంటన్నర తర్వాత జవాబు పెడితే "తీసేసుకున్నామండీ, వేరేచోట" అని తిరుగు టపా. "ఏమయ్యా, ఆ ఫోనే వాళ్లకి జవాబు చెప్పుకునేట్టు చెయ్యలేవా?" అంది నాతో.

చెయ్యొచ్చు. ఒక మధ్యాహ్నం ఖాళీ చేసుకుంటే చాలు, రూపాయి ఖర్చు లేదు. ఇక్కడ పచ్చళ్ల సంగతి చెబుతున్నాను గానీ చీరలు అమ్మేవాళ్లకీ, బ్లౌజులు కుట్టేవాళ్లకీ, ట్యూషన్లు చెప్పేవాళ్లకీ ఇదే దారి.

ముందు కాగితం

చాలామంది నేరుగా సెట్టింగుల్లోకి పోయి తోచిందేదో రాసేస్తారు. అక్కడే బండి పక్కకి పోతుంది. ముందు గత నెల రోజుల మెసేజీలు పైనుంచి కిందదాకా చదవండి. మేమిద్దరం కూర్చుని పాత క్యాలెండరు వెనకవైపు లెక్కపెట్టాం. ఎవరైనా ఏదైనా అడిగితే ఒక గీత, అదే మళ్లీ అడిగితే పక్కన ఇంకో గీత. రేటెంత? వెల్లుల్లి లేకుండా ఉందా? హైదరాబాదుకి ఎన్ని రోజుల్లో వస్తుంది? అమెరికా పంపుతారా? క్యాష్ ఆన్ డెలివరీ ఉందా? ఈ అయిదింటి దగ్గరే గీతలన్నీ గుంపుగా చేరాయి.

మిగిలినవి వేరే జాతివి. "సీసా పగిలి వచ్చిందండీ." "పోయినసారి ఉప్పు ఎక్కువైంది." "అమ్మాయి కడుపుతో ఉంది, పుల్లటిది ఏదైనా చెప్పండి." కాగితం మీద ఈ రెండింటి మధ్య అడ్డంగా ఒక గీత గీశాం. గీతకి పైనున్నవి ఫోను చెబుతుంది, కిందవి వదినే చెప్పాలి. సీసా పగిలిందని ఏడుస్తున్న మనిషికి "మా కేటలాగ్ చూడండి" అని యంత్రం చేత చెప్పించారంటే ఆ గిరాకీ మళ్లీ గుమ్మం తొక్కదు. ఈ కాగితం లేకుండా ముందుకి పోవద్దని నా సలహా.

యాప్ ఎక్కించుకోవడం

మామూలు వాట్సాప్‌లో ఆటో రిప్లై ఉండదు. వాట్సాప్ బిజినెస్ అని వేరే యాప్ ఉంది. 2018లో వచ్చింది, ఉచితం. ప్లే స్టోర్‌లో ఆకుపచ్చ గుర్తులో 'బి' అక్షరం ఉన్నది చూసి ఎక్కించుకోండి. ఒక నంబరు ఈ రెండు యాపుల్లో ఏదో ఒకదాంట్లోనే పనిచేస్తుంది. ఇంటి నంబరునే ఇందులోకి మార్చాలనుకుంటే ముందు చాట్ బ్యాకప్ తీసుకోండి. నన్నడిగితే కొత్త సిమ్ము మేలు. రెండు సిమ్ముల ఫోనులో రెండు యాపులూ పక్కపక్కనే నడుస్తాయి. చుట్టాల ముచ్చట్లు ఒకదాంట్లో, బేరాలు ఇంకోదాంట్లో. మా వదిన ఇది వినలేదు, పాత నంబరే మార్చింది. దాని ఫలితం కిందికి వస్తే తెలుస్తుంది.

యాప్ తెరిచాక బిజినెస్ ప్రొఫైల్ నింపండి: పేరు, ఊరు, పని వేళలు. తినే వస్తువైతే మీ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 14 అంకెల నంబరు కూడా వివరణలో పెట్టండి, అడిగేవాళ్లు అడుగుతారు. పని వేళలు మాత్రం ఊరికే నింపేయకండి, రాత్రి వెళ్లే జవాబుకి అవే ఆధారం. ఆ తర్వాత సెట్టింగుల్లో అకౌంట్‌లోకి వెళ్లి టూ స్టెప్ వెరిఫికేషన్ ఆన్ చేసి ఆరంకెల పిన్ పెట్టండి. ఎవరైనా ఫోను చేసి "మీకొక కోడ్ వచ్చింది చూడండి, చెప్పండి" అంటే చెప్పొద్దు. ఈ నంబరు పోతే కొట్టు తాళం పోయినట్టే.

పలకరింపు మెసేజీ

పైన కుడివైపు మూడు చుక్కలు నొక్కి 'బిజినెస్ టూల్స్'లోకి వెళ్లండి. కొన్ని ఫోన్లలో కిందే 'టూల్స్' అని కనిపిస్తుంది. అందులో 'గ్రీటింగ్ మెసేజ్' ఉంటుంది. దాన్ని ఆన్ చేస్తే మొదటిసారి మెసేజీ పెట్టినవాళ్లకీ, 14 రోజులుగా మాటామంతీ లేక మళ్లీ పలకరించినవాళ్లకీ దానంతటదే వెళుతుంది. రోజూ మాట్లాడేవాళ్లకి వెళ్లదు.

వదిన మొదట రాయించింది ఇది: "మమ్మల్ని సంప్రదించినందుకు ధన్యవాదములు. మా ప్రతినిధి త్వరలోనే మిమ్మల్ని సంప్రదిస్తారు." ప్రతినిధి ఎవరు? ఆ ఇంట్లో ఉన్నది వదిన, అన్నయ్య, ఒక గ్రైండరు. త్వరలో అంటే ఎప్పుడు? రేటు అడిగినవాడికి రేటూ తెలియలేదు, ఎప్పుడు తెలుస్తుందో కూడా తెలియలేదు. ఇలాంటి మెసేజీ కంటే మౌనమే నయం.

కాగితం ముందు పెట్టుకుని మళ్లీ రాశాం:

"నమస్తే అండీ. ఈ వారం ఉన్నవి: ఆవకాయ, మాగాయ, గోంగూర. వెల్లుల్లి లేనివి కూడా ఉన్నాయి. రేట్లు కింద కేటలాగ్ లింకులో చూడండి. ఏ పచ్చడి, ఎన్ని కేజీలు, ఏ ఊరు, ఈ మూడూ రాసిపెట్టండి. పచ్చడి కలుపుతుంటే ఫోను తియ్యలేను, సాయంత్రం 6 దాటాక నేనే జవాబిస్తాను."

కేటలాగ్ అంటే ఇదే యాప్‌లో సరుకులూ రేట్లూ పెట్టుకునే జాబితా. ఈ మెసేజీలో అసలు పని చేసేది "ఈ మూడూ రాసిపెట్టండి" అన్న మాట. సాయంత్రం చేతులు కడుక్కుని ఫోను తీసేసరికి "ఆవకాయ, 2 కేజీలు, కూకట్‌పల్లి" అని సిద్ధంగా ఉంటుంది. ఏది కావాలి, ఎంత కావాలి, ఎక్కడికి పంపాలి అని మూడుసార్లు అటూ ఇటూ తిరగక్కర్లేదు. ఇక రెండోది, 6 దాటాక అన్నారంటే 6 దాటాక తియ్యాల్సిందే. నిలబెట్టుకోలేని గంట రాయకండి. అవసరమైతే 8 అని రాయండి, ఎవరూ ఏమీ అనుకోరు.

ఏ లిపిలో రాయాలన్నది ఇంకో మాట. గిరాకీలు సగంమంది తెలుగుని ఇంగ్లీషు అక్షరాల్లో కొడతారు. అయినా మీరు తెలుగు లిపిలోనే రాయండి, చదువుతారు. తెలుగు చదవలేని బెంగళూరు పిల్లల కోసం చివర ఒక్క ఇంగ్లీషు వాక్యం చాలు.

ఇప్పుడు ఇందాక వాయిదా వేసిన సంగతి. ఆన్ చేసిన నాలుగో రోజు వదిన పిన్ని కూతురు మెసేజీ పెట్టింది: "అక్కా, నాన్న ఇక లేరు." క్షణంలో జవాబు వెళ్లింది: "నమస్తే అండీ. ఈ వారం ఉన్నవి: ఆవకాయ, మాగాయ..." వదిన చూసుకునేసరికి అవతల నీలం టిక్కులు పడిపోయాయి. పెద్దకర్మ రోజు భోజనాల దగ్గర కూడా ఆ మాట వచ్చింది.

ఆ ఒక్క సెట్టింగు చూసుకుని ఉంటే ఇది జరిగేది కాదు. మెసేజీ రాసే చోటే కింద 'రెసిపియెంట్స్' అని ఉంటుంది. అందులో నాలుగు దారులు: అందరికీ, ఫోనులో పేరు లేనివాళ్లకి, కొందరిని తప్పించి మిగతా అందరికీ, కొందరికి మాత్రమే. ఇల్లూ వ్యాపారమూ ఒకే నంబరైతే రెండోది పెట్టుకోండి. పేరు సేవ్ చేసుకున్న పాత గిరాకీలకి పలకరింపు వెళ్లదన్న మాట నిజమే, వాళ్లకి మీ రేట్లు ఎలాగూ తెలుసు. కొత్త నంబరు తీసుకున్నవాళ్లు 'అందరికీ' పెట్టుకున్నా ఇబ్బంది లేదు.

రాత్రి జవాబు

అదే టూల్స్‌లో 'అవే మెసేజ్' ఉంటుంది. ఇది మీరు లేని వేళల కోసం. ఎప్పుడూ వెళ్లాలా, మీరు చెప్పిన తేదీల మధ్యే వెళ్లాలా, పని వేళలు దాటాకే వెళ్లాలా అని అడుగుతుంది. మూడోది ఎంచుకోండి. పెళ్లికో తిరుపతికో పోయినప్పుడు రెండోది. ఇక్కడా రెసిపియెంట్స్ చూసుకోవడం మరిచిపోకండి.

మనకు రాత్రి 2 అయినప్పుడు డాలస్‌లో ఎండాకాలమైతే మధ్యాహ్నం మూడున్నర. వాళ్లు ఆఫీసులో టీ తాగుతూ గోంగూర గుర్తొచ్చి మెసేజీ పెడతారు. అందుకే వదిన రాత్రి జవాబులో "ఇండియా టైము ఉదయం 9కి చూస్తాను" అని రాయించాం. అప్పటికి అక్కడ రాత్రి పదిన్నర, పిల్లలు పడుకుని ఉంటారు, పెద్దవాళ్లు ఫోను చేతిలో పట్టుకుని ఉంటారు. ఆర్డరు ఖాయం చేసుకోవడానికి అంతకంటే మంచి వేళ లేదు.

ఫోనుకి ఇంటర్నెట్టు ఉంటేనే ఈ జవాబు వెళుతుంది. వదినకి రాత్రి పడుకునే ముందు డేటా ఆపేసే అలవాటు. వారం రోజులు రాత్రి జవాబు ఒక్కరికీ వెళ్లలేదు, యాప్ చెడిపోయిందని నాకు ఫోను. చెడిపోలేదు, ఆవిడే గొళ్లెం పెట్టేసింది.

స్లాషు కొట్టి జవాబు

నా దృష్టిలో అన్నిటికంటే పనికొచ్చేది 'క్విక్ రిప్లైస్'. ఇది పూర్తి ఆటో కాదు, సగం. మీరే జవాబిస్తారు గానీ ప్రతిసారీ టైపు చెయ్యరు. తరచూ చెప్పే జవాబుని ఒకసారి రాసి, దానికొక చిన్న ముద్దుపేరు పెట్టుకుంటే, చాట్‌లో స్లాషు గీత కొట్టి ఆ పేరు కొట్టగానే మొత్తం జవాబు వచ్చి కూర్చుంటుంది. పంపే ముందు "లక్ష్మి గారూ" అనో "అమ్మా" అనో మొదట చేర్చుకోవచ్చు, అవతలివాళ్లకి అది యంత్రంలా అనిపించదు. 50 దాకా పెట్టుకోవచ్చు. వదిన పెట్టుకున్నవి ఏడే: రేట్లు, కొరియరు రోజులు, అమెరికా ప్యాకింగు, వెల్లుల్లి, క్యాష్ ఆన్ డెలివరీ లేదని చెప్పే మర్యాద మాట, యూపీఐ వివరాలు, పార్సిల్ పంపేశామన్న కబురు.

ఎనిమిదోది, "డబ్బు అందింది, ధన్యవాదాలు" అన్నది, పెట్టుకుంటానంటే నేనే వద్దన్నాను. డబ్బు కట్టినట్టు దొంగ స్క్రీన్‌షాట్లు పంపే ఘనులున్నారు. హడావిడిలో ఆ స్లాషు కొట్టేశారంటే మీ నోటితో మీరే ఒప్పుకున్నట్టు. బ్యాంకు ఖాతాలో పడిందో లేదో చూసి, ఆ ఒక్క మాట మాత్రం చేత్తో టైపు చెయ్యండి.

ఇన్‌స్టా, ఫేస్‌బుక్

ఇన్‌స్టాగ్రామ్ ఖాతాని ముందు ప్రొఫెషనల్ ఖాతాగా మార్చుకోవాలి, ఉచితమే. ఫేస్‌బుక్‌లో పేజీ ఉండాలి. రెండింటికీ కలిపి మెటా బిజినెస్ సూట్ అనే యాప్ ఉంది. అందులో ఇన్‌బాక్స్ తెరిచి 'ఆటోమేషన్స్'లోకి వెళితే తక్షణ జవాబు, లేనప్పటి జవాబు, తరచూ అడిగే ప్రశ్నలు అన్నీ ఒక్కచోటే దొరుకుతాయి. తరచూ అడిగే ప్రశ్నలు పెట్టారంటే చాట్ తెరవగానే అవి బటన్లలా కనిపిస్తాయి, నొక్కితే జవాబు వస్తుంది. క్యాలెండరు వెనక రాసుకున్న వాటిలో ఎక్కువ గీతలు పడ్డవి తెచ్చి ఇక్కడ పెట్టండి. కొత్తగా ఆలోచించే పనిలేదు. మూడు చోట్లా మూడు సంభాషణలు నడపలేననుకుంటే, ఇన్‌స్టా జవాబులో వాట్సాప్ లింకు ఇచ్చి అందరినీ ఒకే వాకిట్లోకి రప్పించండి. వదిన చేసింది అదే.

"ఈ యాప్ వేసుకుంటే వెయ్యిమందికి ఒకేసారి మెసేజీ వెళుతుంది, ఏ మాట అడిగితే ఆ మాటకి జవాబిస్తుంది" అని వీడియోల్లో ఊరించేవి వస్తుంటాయి. వాట్సాప్ అనుమతి లేని అలాంటి యాపులు వాడితే నంబరునే నిలిపేస్తారు. సీజను మధ్యలో నంబరు పోతే జాడీలు ఇంట్లోనే ఉండిపోతాయి. వ్యాపారం నిజంగా పెద్దదై, నలుగురు మనుషులు కూర్చుని జవాబులివ్వాల్సి వస్తే వాట్సాప్ వాళ్లదే బిజినెస్ ప్లాట్‌ఫామ్ ఉంది, దానికి డబ్బు కట్టాలి. అంతకుముందు ఫోనుతో పాటు నాలుగు పరికరాల దాకా కలుపుకునే వీలు ఈ యాప్‌లోనే ఉంది. అన్నయ్య లాప్‌టాప్‌లో కూర్చుంటే సరిపోతుంది.

పరీక్ష

అంతా అయ్యాక వేరే ఫోను నుంచి "రేటెంత" అని పంపి చూడండి. ఇక్కడ చాలామంది తికమకపడతారు. రెసిపియెంట్స్‌లో రెండోది పెట్టుకుని ఉంటే, భర్త ఫోను నుంచి పంపితే జవాబు రాదు, ఎందుకంటే ఆయన పేరు మీ ఫోనులో ఉంది. పక్కింటివాళ్ల నంబరు, అదీ సేవ్ చేసుకోనిది, వాడండి. ఒకసారి వచ్చాక తప్పు దిద్ది అదే నంబరు నుంచి మళ్లీ పంపితే పలకరింపు రాదు, 14 రోజుల లెక్క నడుస్తుంటుంది కాబట్టి. రెండోసారికి ఇంకో ఇంటి తలుపు తట్టాలి. మేము వీధిలో మూడిళ్లు తిరిగాం. మూడో ఇంటావిడ పరీక్ష సంగతి పక్కనపెట్టి అరకేజీ మాగాయ రాసిపెట్టింది.

మొదటి వారం రోజూ రాత్రి, ఆటో జవాబు వెళ్లాక గిరాకీ ఏమన్నాడో చదవండి. "ఈ వారం ఉన్నవి" అని చదివాక కూడా "పండుమిర్చి ఉందా?" అని నలుగురు అడిగితే "పండుమిర్చి జనవరిలో" అని ఒక మాట చేర్చండి. మా వదిన ఇప్పుడు ప్రతి ఆదివారం, వారం సరుకు చూసుకున్నాక ఆ మెసేజీ దిద్దుతుంది. పోయిన నెల మాగాయ అయిపోయినా తీసెయ్యడం మరిచిపోయింది. సోమవారం పొద్దున్నే పదకొండు మంది మాగాయే అడిగారు.