టీనేజీ అబ్బాయితో మూడు రోజుల కోల్‌కతా

ప్రశ్న: డిసెంబరు సెలవుల్లో పదిహేనేళ్ల మా అబ్బాయితో మూడు రోజులు కోల్‌కతా వెళ్లాలనుకుంటున్నాం. విసుగెత్తకుండా ఎలా తిప్పాలి?
– ఓ తల్లి, విశాఖపట్నం

జవాబు: రోజుకో చోటు మీ అబ్బాయినే ఎంచుకోమనండి. దారి వెతకడం, మెట్రో టికెట్లు తీయడం కూడా తనకే అప్పగించండి. రోజుకు రెండు చోట్లు చాలు, తెల్లవారకముందే నిద్ర లేపొద్దు. హౌరా మైదాన్ నుంచి ఎస్‌ప్లనేడ్‌కు హుగ్లీ నది కిందుగా వెళ్లే మెట్రో 2024లో మొదలైంది, తప్పక ఎక్కించండి. 1814లో ఏర్పడిన ఇండియన్ మ్యూజియంలో ఈజిప్టు మమ్మీ ఉంది. మ్యూజియం, విక్టోరియా మెమోరియల్ గ్యాలరీలకు సోమవారం సెలవు. సాయంత్రం పార్క్ స్ట్రీట్‌లో క్రిస్మస్ దీపాలు చూడండి. చలికి స్వెట్టర్ చాలు. రైలు రిజర్వేషన్ 60 రోజుల ముందు మొదలవుతుంది, ఆలస్యం చేయకండి.