మహాకావ్యం నుంచి రంగస్థలానికి: డైడో కథ

రోమన్ మహాకవి వర్జిల్ (క్రీ.పూ. 70–19) లాటిన్‌లో రాసిన ‘ఈనియడ్’ 12 సర్గల కావ్యం. ట్రాయ్ పతనం తర్వాత ట్రోజన్ వీరుడు ఈనియస్ ఇటలీ చేరడం, అక్కడ స్థిరపడేందుకు యుద్ధం చేయడం ఇందులోని కథ. పునరుజ్జీవన కాలపు నాటకకర్తలను ఎక్కువగా ఆకర్షించింది మాత్రం ఈనియస్‌ను ప్రేమించి, అతను విడిచి వెళ్లడంతో ప్రాణం తీసుకున్న కార్తేజ్ రాణి డైడో. ఇటలీలో లొడొవికో డోల్చె 1547లోనే ‘దిదోనె’ ప్రచురించాడు.

ఇంగ్లిష్‌లో ప్రసిద్ధమైనది క్రిస్టఫర్ మార్లో ‘డైడో, క్వీన్ ఆఫ్ కార్తేజ్’. 1594లో అచ్చయిన ఈ నాటకం ముఖపత్రంపై థామస్ నాష్ పేరూ ఉంది. ప్రదర్శించింది బాలనటుల బృందం.

మార్లో 12 సర్గలనూ తలకెత్తుకోలేదు. ప్రధానంగా 1, 2, 4 సర్గలనే తీసుకున్నాడు. అసలు ప్రతిభ అతను చేసిన మార్పుల్లో ఉంది. వర్జిల్ కావ్యంలో డైడో చితిపైకెక్కి, ఈనియస్ కత్తితో పొడుచుకుని చనిపోతుంది. నాటకంలో మంటల్లో దూకుతుంది. ఆమె తిరస్కరించిన రాజు ఇయార్బస్, అతణ్ని ప్రేమించిన ఆమె చెల్లెలు ఆనా కూడా ప్రాణాలు తీసుకుంటారు. ఆనా ప్రేమ మార్లో కల్పనే. కావ్యంలో ఒంటరి విషాదం వేదికపై మూడు మరణాలైంది. కీలక ఘట్టంలో కొన్ని లాటిన్ పంక్తులను మాత్రం అతను యథాతథంగా ఉంచాడు.

షేక్‌స్పియర్ ‘హామ్లెట్’లో నటుడు వినిపించే ట్రాయ్ రాజు ప్రయామ్ వధ కూడా ఈనియస్ డైడోకు చెప్పిన కథలోదే. అభ్యర్థులు ఒక తేడా గుర్తుంచుకోవాలి: ‘ఎ మిడ్‌సమ్మర్ నైట్స్ డ్రీమ్’లోని పిరమస్, థిస్బీ కథకు మూలం వర్జిల్ కాదు, ఓవిడ్ ‘మెటమార్ఫసెస్’.