బుజ్జిగాడికి కుర్చీ

అమ్మాయికి పెద్దమ్మ రాసే ఉత్తరం.

బుజ్జిగాడి కోసం పంపిన కుర్చీల ఫొటోలన్నీ చేరాయి. ఒకదానికి చక్రాలు, ఒకదానికి ఏనుగు బొమ్మ, మరొకటి పడక్కుర్చీలా వెనక్కి వాలుతుంది. వీటిలో ఏది కొనాలన్నది నీ ప్రశ్న. ప్రస్తుతానికి ఏదీ వద్దన్నది పెద్దమ్మ జవాబు. కొట్టువాడికి ఫోన్ చేసే ముందు కొలతల టేపు తియ్యాలి. టేపు తీసే ముందు ఇంట్లో వాళ్ళంతా కూర్చుని తేల్చుకోవాల్సిన సంగతి ఒకటుంది. వాడు ఆ కుర్చీలో కూర్చుని చేసే పనేమిటి?

ఈ ప్రశ్న వేసుకోని ఇళ్ళలో సీపీ (సెరిబ్రల్ పాల్సీ) ఉన్న పిల్లల కుర్చీ గతి ఏమవుతుందో ఫిజియోథెరపీ చేసేవాళ్ళందరికీ తెలుసు. మొదటి వారం ముచ్చటగా హాల్లో ఉంటుంది. నెల తిరిగేసరికి ఉతికిన బట్టలు దాని మీదికి చేరతాయి. పిల్లాడు మళ్ళీ అమ్మ ఒళ్ళోకో, మంచం మీదికో వెళ్ళిపోతాడు. కుర్చీలో లోపం ఉండక్కర్లేదు. రోజులో దానికంటూ ఒక వేళ, ఒక పని ఎవరూ అనుకోలేదు, అంతే. అన్నం తినడానికి కావలసిన అమరిక వేరు, చెల్లెలితో ఆడుకోవడానికి వేరు, బడిలో పలక పట్టుకోవడానికి వేరు. అన్నిటికీ ఇదొక్కటే చాలని అమ్మేవాళ్ళు చెబుతారు. వాళ్ళు చెప్పకపోతే ఇంకెవరు చెబుతారు!

సెరిబ్రల్ పాల్సీ వెయ్యి కాన్పులకి ఇద్దరు ముగ్గురు పిల్లల్లో కనిపిస్తుంది. అందరిదీ ఒకే తీరు కాదు. 1997లో కెనడాలోని మెక్‌మాస్టర్ యూనివర్సిటీలో రాబర్ట్ పాలిసానో, ఆయన సహచరులు పిల్లల కదలికలను బట్టి ఐదు స్థాయిలు నిర్ణయించారు. ఒకటో స్థాయి పిల్లలు నడుస్తారు, పరిగెత్తుతారు. నాలుగో స్థాయి వాళ్ళకి కూర్చోవడానికి ఆసరా కావాలి. ఐదో స్థాయి వాళ్ళకి తల నిలపడానికి కూడా కావాలి. థెరపిస్టు కాగితం మీద ‘జీఎంఎఫ్‌సీఎస్ 4’ అని కనిపిస్తే దాని అర్థం ఇదే. బుజ్జిగాడి ఫైల్లో ఆ అంకె లేకపోతే అడిగి రాయించుకోవాలి. మెడకి ఆసరా కావాలా, పక్క దిండ్లు చాలా అన్న మాట అక్కడే మొదలవుతుంది.

వాడి వయసులో కుర్చీకి మొట్టమొదటి పని భోజనం అయితే మంచిది. మన ఇళ్ళలో ఉగ్గు పోసే తీరు తెలిసిందే కదా. కాళ్ళు చాపుకుని, బిడ్డను వాటి మీద వెల్లకిలా పడుకోబెట్టుకుని, ఉగ్గుగిన్నె నోట్లోకి వంచుతారు. సీపీ ఉన్న బిడ్డకి మూడేళ్ళు దాటినా చాలామంది అమ్మలు, నాయనమ్మలు అలాగే తినిపిస్తారు. కూర్చోబెడితే ఒరిగిపోతాడు, తల వాలిపోతుంది, మరి పాపం వాళ్ళేం చేస్తారు? కానీ మింగడం సరిగ్గా కుదరని పిల్లాడికి తల వెనక్కి వాలి ఉంటే అన్నం, నీళ్ళు ఊపిరితిత్తుల దారి పడతాయి. మాటిమాటికీ పొలమారడం, తిన్నాక గొంతు గరగరలాడడం, తరచూ నిమ్ము చేయడం దానికి గుర్తులు. కొందరికి దగ్గయినా రాకుండా లోపలికి జారిపోతుంది, అది ఇంకా ప్రమాదం. పిల్లాడు నిటారుగా ఉండాలి, గడ్డం కాస్త లోపలికి ఉండాలి, తినిపించే మనిషి ఎదురుగా వాడి కళ్ళ ఎత్తులో కూర్చోవాలి. నిలబడి పైనుంచి ముద్ద అందిస్తే వాడు తల వెనక్కి విరిచి నోరు తెరుస్తాడు, కష్టమంతా వృథా. తిన్నాక అరగంట దాకా పడుకోబెట్టకూడదు.

కూర్చోవడం అనగానే అందరి చూపూ వీపు మీదికి పోతుంది. థెరపిస్టులు ముందు చూసేది కటి. పిర్రల కింది ఎముకలు రెండూ సమానంగా ఆనాయా, ఒక పక్క లేచిందా, కటి వెనక్కి దొర్లిందా? వెనక్కి దొర్లితే పిల్లాడు నడుం చివరి ఎముక మీద కూర్చుంటాడు, వీపు గూనిలా వంగుతుంది. ఆ వంగిన వీపుతో ఎదురుగా చూడాలంటే మెడ వెనక్కి విరవక తప్పదు. ‘తల ఎత్తు నాన్నా’ అని అమ్మ ఎన్నిసార్లు బతిమాలినా లాభం లేదు, ఆ తలకి మందు పిర్రల కింద ఉంది. మెత్తటి సోఫాలో, దూది పరుపు మీద, నడుమ గుంట ఉండే ప్లాస్టిక్ కుర్చీలో కటి నిలవదు. అడుగు గట్టి చెక్క కావాలి, దాని మీద పలచటి గట్టి ఫోమ్ చాలు.

తుంటి, మోకాలు, చీలమండ మూడూ లంబకోణంలో ఉండాలని పుస్తకాల్లో ఉంటుంది. మొదలుపెట్టడానికి అది మంచి కొలత, అంతకు మించి చట్టమేమీ కాదు. తొడ వెనక కండరాలు బిగుసుకున్న పిల్లాడి పాదాలను ముందుకి చాచి ఫుట్‌రెస్టు మీద పెడితే ఆ కండరాలు కటిని వెనక్కి దొర్లిస్తాయి, పిల్లాడు ముందుకి జారతాడు. ఇంట్లో వాళ్ళు బెల్టు ఇంకాస్త బిగిస్తారు. వాడు మళ్ళీ జారతాడు. అలాంటి పిల్లాడికి పాదాల పలకను వెనక్కి జరిపి, మోకాలు ఇంకొంచెం ముడుచుకోనిస్తే జారడం తగ్గుతుంది. కీలు గట్టిపడిపోయిన చోట మాత్రం బలవంతాన సరిచేయాలని చూడకూడదు, ఉన్న ఆకారానికే ఆసరా ఇవ్వాలి. ఏది వంగుతుందో, ఏది ఇక వంగదో థెరపిస్టు పిల్లాణ్ణి పడుకోబెట్టి, చేత్తో పట్టి చూసి చెప్పాలి. యూట్యూబుకి చేతుల్లేవు.

ఇక టేపు సంగతి. పిల్లాణ్ణి గట్టి బల్ల అంచున కూర్చోబెట్టి ఒకరు పట్టుకోవాలి, ఒకరు కొలవాలి. పిర్రల వెనక ఒక అట్ట పుస్తకం నిలువుగా ఆనించి, అక్కడి నుంచి మోకాలి వెనక మడత దాకా ఎంతుందో చూసి, అందులో రెండు వేళ్ళ వెడల్పు, సుమారు మూడు సెంటీమీటర్లు, తీసేస్తే అది కుర్చీ అడుగు లోతు. లోతు ఎక్కువైతే అంచు మోకాలి వెనక గుచ్చుకుంటుంది. ఆ బాధ తప్పించుకోవడానికి వాడు ముందుకి జారతాడు, కటి మళ్ళీ దొర్లుతుంది. ‘పెరిగే పిల్లాడు కదా, పెద్ద సైజు తీసుకుందాం’ అనే లెక్క పండగ చొక్కాకి పనికొస్తుంది, దీనికి పనికిరాదు. మోకాలి మడత నుంచి మడమ కిందికి ఫుట్‌రెస్టు ఎత్తు. కాళ్ళకి స్ప్లింట్లు వేస్తుంటే వాటితోనే కొలవాలి. పాదాలు గాల్లో వేలాడకూడదు. తుంటి వెడల్పుకి అటూ ఇటూ ఒక్కో వేలు చోటు వదిలితే చాలు. కూర్చున్న చోటి నుంచి మోచేతి దాకా ట్రే ఎత్తు. చంక దాకా ఉన్న కొలతకి కాస్త కిందనే పక్క దిండ్లు ఆగిపోవాలి, చంకలో ఒత్తితే నరాలకి దెబ్బ.

తొడలు రెండూ విడివిడిగా కొలవాలి. ఒకటి పొట్టిగా తేలితే టేపు తప్పని కొట్టిపారేయకుండా ఎముకల డాక్టరుకి చూపించాలి. తుంటి కీలు గూటిలోంచి పక్కకి జరుగుతుంటే తొడ పొట్టిగా కనిపిస్తుంది. ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రంలో సీపీ పిల్లల మీద చేసిన అధ్యయనం ఒకటి 2006లో అచ్చయింది. మొత్తం మీద 35 శాతం మందిలో తుంటి జరగడం కనిపించింది. ఒకటో స్థాయి పిల్లల్లో ఒక్కరికీ లేదు, ఐదో స్థాయిలో 90 శాతం మందికి ఉంది. నొప్పి పుట్టేదాకా ఇది చాలాసార్లు బయటపడదు కాబట్టి డాక్టరు చెప్పిన గడువుకి ఎక్స్‌రే తీయిస్తూ ఉండాలి. కుర్చీయే తుంటిని కాపాడుతుందని కొన్ని అమ్మకం కాగితాలు రాస్తాయి. ఆ మాటకి రుజువులు పలచన.

బెల్టుల విషయంలో జాగ్రత్త. మొదటి బెల్టు ఎప్పుడూ కటిది. పొట్ట మీదుగా కాకుండా, తొడ మొదలు దగ్గర, ఏటవాలుగా కిందికీ వెనక్కీ లాగేలా ఉండాలి. అది లేకుండా ఛాతీ బెల్టు ఒక్కటే కట్టడం ప్రమాదం. పిల్లాడు కిందికి జారితే ఆ పట్టీ గొంతుకి వస్తుంది. తొడల మధ్య ఉండే దిమ్మె కాళ్ళు కత్తెరలా పడకుండా ఎడంగా ఉంచడానికే గాని, జారేవాణ్ణి ఆపడానికి కాదు. ట్రేతో బిగించేసి ‘ఇక పడడులే’ అని వంటింట్లోకి వెళ్ళిపోవడం అసలు కూడదు.

నేల సంగతి కూడా ఆలోచించాలి. మన ఇళ్ళలో చాలా పనులు నేల మీదే జరుగుతాయి. చెల్లెలు మఠం వేసుకుని వంటింటి గిన్నెలతో ఆడుతుంటే వాడొక్కడే ఎత్తు కుర్చీలో ఉంటే ఆట వాడికి అందదు. గది మూలలా రెండు పలకలు కలిసే కార్నర్ సీటు అలాంటప్పుడు బాగా పనికొస్తుంది. భుజాలు కాస్త ముందుకి వచ్చి రెండు చేతులూ బొమ్మ దగ్గర కలుస్తాయి. నేల మీద వాడే సీటుని బల్ల మీద, మంచం మీద పెట్టకూడదు. పిల్లలు ఎత్తు నుంచి పడిపోతున్నారని 2012లో అమెరికాలో బంబో అనే పసిపిల్లల నేల సీట్లను సుమారు 40 లక్షల దాకా రీకాల్ చేయాల్సి వచ్చింది. సీపీ లేని పిల్లలు కూడా వెనక్కి విరుచుకుని వాటిలోంచి బయటపడ్డారు.

డబ్బు దగ్గరికి వద్దాం. కేంద్ర ప్రభుత్వపు అడిప్ పథకం 1981 నుంచీ ఉంది. ఆదాయ పరిమితికి లోబడి, 40 శాతం వైకల్యం ఉన్నట్టు సర్టిఫికెట్ ఉంటే పరికరాలు వస్తాయి. వాటిని ఎక్కువగా తయారుచేసేది కాన్పూర్‌లో 1972లో పెట్టిన అలిమ్‌కో సంస్థ. సీపీ కుర్చీ కూడా వాళ్ళు చేస్తారు. 2016 వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం, 40 శాతం, అంతకు మించి వైకల్యం ఉన్న విద్యార్థులకి 18 ఏళ్ళు వచ్చేదాకా తగిన పరికరాలు ఉచితంగా ఇవ్వడం ప్రభుత్వం బాధ్యత. కాబట్టి సదరం వైకల్య సర్టిఫికెట్, యూడీఐడీ గుర్తింపు కార్డు పని వాయిదా వేయొద్దు. మండలంలోని భవిత కేంద్రంలో అడిగితే పరికరాలు ఇచ్చే శిబిరం ఎప్పుడో చెబుతారు. సికింద్రాబాద్‌లో అయితే మనోవికాస్‌నగర్‌లో జాతీయ సంస్థ నీపిడ్ ఉంది. శిబిరంలో వరసలో నిలబడ్డప్పుడు కొలతల కాగితం చేతిలో ఉండాలి. సైజు సరిపోని కుర్చీ ఉచితంగా వచ్చినా దాన్ని సరిచేయించే ఖర్చు ఇంటిదే అవుతుంది. లోతు ఎక్కువైతే వీపు వెనక గట్టి ఫోమ్ దిమ్మె, పాదాలు అందకపోతే చెక్క పీట, ఒరుగుతుంటే చుట్టిన తువ్వాళ్ళు. ఇవన్నీ తాత్కాలికంగా బాగానే పనిచేస్తాయి.

కొనడమే మార్గమని కూడా లేదు. న్యూయార్క్‌లో అలెక్స్ ట్రూస్‌డెల్ అనే ఆవిడ దళసరి అట్టతో, ఒక్కో పిల్లాడి కొలతకి ఒక్కో కుర్చీ చేయించే సంస్థ నడిపింది. ఆ పనికి 2015లో ఆమెకి మెకార్థర్ ఫెలోషిప్ వచ్చింది. జింబాబ్వేలో బెవిల్ ప్యాకర్ అంతకు ముందే పాత కాగితాలు, అట్టలు, పిండి జిగురుతో ఇలాంటి కుర్చీలు చేయడం నేర్పాడు. సినిమా పోస్టర్లు అంటించే మైదా జిగురు చూసిన మనకి ఇదేమీ వింత కాదు. గోదావరి జిల్లాల వానలకి, చెదలకి అట్ట కుర్చీ ఎన్నాళ్ళు ఆగుతుందన్నది వేరే ప్రశ్న. మెక్సికోలోని అహోయా అనే పల్లెలో ప్రొహీమో అనే పునరావాస కేంద్రాన్ని వికలాంగులే నడిపారు. అక్కడి అనుభవంతో డేవిడ్ వెర్నర్ 1987లో రాసిన ‘డిజేబుల్డ్ విలేజ్ చిల్డ్రన్’ పుస్తకంలో చెక్కతో, దొరికిన సామానుతో చేసుకునే కుర్చీల బొమ్మలు బోలెడున్నాయి. ఊళ్ళో వడ్రంగికి ఆ బొమ్మ, ఈ కొలతలు చూపిస్తే ప్లైవుడ్‌తో చేసి పెడతాడు. ఫుట్‌రెస్టు, ట్రే మాత్రం పైకీ కిందికీ జరిగేలా బోల్టు కన్నాలు వరసగా పెట్టమనాలి. పెరుగుదలకి దారి అక్కడ వదలాలి, అడుగు లోతులో కాదు.

కుర్చీ వచ్చాక మొదట్లో పదీ పదిహేను నిమిషాలే కూర్చోబెట్టాలి, వాడికిష్టమైన పని ఉన్నప్పుడు. దింపగానే పిర్రలు, వీపు, మోకాళ్ళ వెనక చూడాలి. ఎర్రటి మచ్చ అరగంటలో పోకపోతే అక్కడ ఒత్తిడి పడుతున్నట్టే. మెల్లగా సమయం పెంచొచ్చు. ఎంత మంచి కుర్చీ అయినా పొద్దస్తమానం అందులోనే ఉంచకూడదు. బోర్లా పడుకోవడం, స్టాండింగ్ ఫ్రేములో నిలబడడం, నేల మీద దొర్లడం, ఎవరి ఒళ్ళోనో ఉండడం కూడా రోజులో ఉండాలి. వెనక్కి వాల్చే ఏర్పాటు అలసినప్పుడు విశ్రాంతికి బాగుంటుంది, తినేటప్పుడు మాత్రం నిటారుగానే. ఆటోలో, కారులో ప్రయాణానికి ఈ కుర్చీ పనికిరాదు. ఆరు నెలలకోసారి మళ్ళీ కొలవాలి. వాడు కుర్చీలో ఏడుస్తుంటే మొండితనం అని తీర్మానించే ముందు నొప్పి ఏమైనా ఉందేమో వెతకాలి. మాటలు రాని పిల్లాడు ఫిర్యాదు చేసే పద్ధతి అదొక్కటే.

ఆదివారం పొద్దున వీడియో కాల్ చెయ్యి. బుజ్జిగాడికి నిక్కరు ఒక్కటే ఉంచి బల్ల అంచున కూర్చోబెట్టు. పట్టుకోవడానికి అల్లుడు ఇంట్లోనే ఉండాలి, అత్తగారు కూడా ఉంటే ఇంకా మంచిది, అన్నం పెట్టేది ఆవిడే కదా. టేపు, అట్ట పుస్తకం, పెన్ను దగ్గర పెట్టుకో. తుంటి ఎక్స్‌రే ఇప్పటిదాకా తీయించి ఉంటే దాని ఫొటో శనివారం లోపే పంపు.

ఇట్లు,
పెద్దమ్మ