చేపల రక్షణ – గిరిజనుల నీటి హక్కు

అమెరికా సుప్రీంకోర్టు 1908లో వింటర్స్ కేసులో గిరిజన రిజర్వేషన్లకు నీటి హక్కు ఉందని తీర్పిచ్చింది. హక్కు కాగితం మీద పాతదే. ఆనకట్టలు, కాలువలు మాత్రం ముందు ఇతరులకే దక్కాయి. గిరిజనుల వంతు వచ్చేసరికి 1973 నాటి అంతరించే జీవజాతుల చట్టం ఎదురైంది.

కొలరాడోలోని యానిమస్–లాప్లాటా పథకం ఇందుకు మంచి ఉదాహరణ. యూట్ తెగలతో ఒప్పందానికి 1988లో చట్టం చేశారు. ఆ తర్వాత శాన్‌జువాన్ నదిలో, జీవజాతుల చట్టం రక్షణ ఉన్న కొలరాడో పైక్‌మిన్నో చేప కోసం, పథకం ఏటా సగటు నీటి వాడకాన్ని 57,100 ఎకరా-అడుగులకు పరిమితం చేశారు. 2000 నాటి సవరణ చట్టంతో సాగునీరు పథకం నుంచి తప్పుకుంది; పట్టణ, పారిశ్రామిక అవసరాలే మిగిలాయి. పొలం తడవాలన్న తెగలకు ఇది చిన్న నష్టం కాదు. పథకం కింద కట్టిన నైట్‌హార్స్ జలాశయం 2011లో నిండినా, యూట్ రిజర్వేషన్లకు నీరు చేర్చే పైపులైన్లు ఆ పథకంలో లేవు.

చేపను తప్పుపట్టడం తేలికే. అసలు చిక్కు, ముందే నీళ్లు తోడుకున్నవారి వాటా జోలికి పోకుండా భారమంతా చివరివారిపై వేయడం.

పరీక్షకు గుర్తుంచుకోవాల్సింది: శాన్‌జువాన్ చేపల పునరుద్ధరణ కార్యక్రమం 1992లో మొదలైంది; పైక్‌మిన్నోతో పాటు అది కాపాడే రెండో చేప రేజర్‌బ్యాక్ సకర్.