కంప్యూటరు జాలమున దారి చూచుట, దారి పన్నుట

వార్తను పంపు కంప్యూటరునకు నడుమ దారి కనబడదు. పంపితినన్న మాటయు, అందినదని బదులు వచ్చెనో రాలేదో అన్న మాటయు మాత్రమే దానికి తెలియును. ఇందువలన నెంత చిక్కు పుట్టగలదో 1986వ సంవత్సరము అక్టోబరులో కాలిఫోర్నియాలో తెలియవచ్చినది.

అచ్చటి లారెన్సు బర్క్లీ ప్రయోగశాలకును, బర్క్లీ విశ్వవిద్యాలయమునకును నడుమ దూరము 400 గజములు. ఆ త్రోవను సెకనునకు 32,000 బిట్లు పోవుచుండగా, అది 40 బిట్లకు పడిపోయెను. అక్షరమునకు 8 బిట్ల చొప్పున లెక్కించినచో, నాలుగువేల యక్షరములు పోవలసిన చోట అయిదక్షరములు! తీగ తెగలేదు, యంత్రము చెడలేదు.

సంతనాటి చెఱువుగట్టు బాటను తలచుకొందము. పంపిన బండి చేరలేదని రైతు రెండవ బండిని, అదియు చేరలేదని మూడవదానిని తోలినచో గట్టు ఏమగును? కంప్యూటర్లు వార్తను చిన్న పొట్లములుగా విడదీసి పంపును. బదులు ఆలస్యమైనచో పొట్లము పోయినదని తలచి మరల పంపుచుండెను. ఇరుకు దారి మఱింత యిరుకయ్యెను.

వాన్ జాకబ్సన్, మైఖేల్ కారెల్సు అనువారు దీనిని పరిశీలించి 1988లో నివారణోపాయమును ప్రకటించిరి. తొలుత నొక్క పొట్లమును పంపి, బదులు వచ్చుకొలది సంఖ్యను పెంచుట, పొట్లము పోయినచో తగ్గించుట అందలి సారము.

దారిని చూచు సాధనములలో పింగు మొదట చెప్పదగినది. మైక్ మూస్ దీనిని 1983 డిసెంబరులో వ్రాసెను. ఇది "ఉన్నావా?" యని యడిగి, బదులు వచ్చుటకు పట్టిన కాలమును కొలుచును. జాకబ్సన్ వ్రాసిన ట్రేస్‌రూటు ఇంకను చమత్కారమైనది. ప్రతి పొట్లముపై నొక యంకె యుండును. దారిలోని ప్రతి రౌటరును దాని నొకటి తగ్గించును. సున్నయైనచోట పొట్లమును పారవేసి, పంపినవారికి కబురంపును. ఒకటి, రెండు, మూడు అని యంకెను పెంచుచు పంపినచో మజిలీలన్నియు వరుసగా తెలియును. చచ్చి దారి చూపు నీ పొట్లము మాకు మిక్కిలి ముచ్చట గొలిపినది. కొన్ని రౌటర్లు బదులీయవు. అంతమాత్రమున నవి చెడినవని యెంచరాదు.

ఇక, కొత్త యుపాయమును పదుగురు వాడు జాలముమీద పరీక్షించుట తగదు. అందుకై కంప్యూటరులోనే నకలు జాలమును పన్నుదురు. 1989లో మొదలైన ఎన్.ఎస్. అనునది ఇట్టిది, దాని మూడవ రూపము 2008లో వెలువడెను. ఇందలి గడియారము మన గడియారమువలె నడువదు; ఒక సంఘటననుండి మఱియొకదానికి దుమికి, ఏమియు జరుగని కాలమును దాటిపోవును. పొట్లములు మిక్కుటమైనచో మాత్రము నిమిషపు కథకు గంటలు పట్టవచ్చును.

అయినను, నకలు నకలే. ఇంటర్నెట్టు చోటుచోటున వేఱుగా నుండి, నానాటికి మాఱుచుండుటచే దాని నకలు తీయుట యెంత కష్టమో వెర్న్ పాక్సన్, సాలీ ఫ్లాయిడ్ అనువారు 1997లో వివరించిరి. కావున కల్పించిన లెక్కలతో తృప్తిపడక, నిజముగా తీగపై పోవు పొట్లములను టీసీపీడంపు వంటి సాధనముతో వ్రాసికొని, ఆ పట్టికలను నకలు జాలమునకిచ్చి చూతురు. ఆ టీసీపీడంపు పుట్టినదియు 1988లో నా బర్క్లీ ప్రయోగశాలయందే.