మాంసం లేని పూట: గుడ్డు, చీజ్ గ్రాతేన్

పిల్లలూ!

మన మారిషస్‌లో చాలా ఇళ్లలో గ్రాతేన్ చేసుకుంటారు. కూరగాయ ముక్కలు ఉడికించి, లోతైన పళ్లెంలో పరచి, పైన చీజ్ తురుము చల్లి, ఓవెన్‌లో ఎర్రగా కాలనిచ్చే వంటకం ఇది. పేరు ఫ్రెంచి వారిది. అందులో వేసే సీమవంకాయ మాత్రం మన పెరటి పందిరి మీద కాసేదే. క్రియోల్‌లో దానిని సూసూ అంటాము. ఆంధ్రదేశంలో బెంగళూరు వంకాయ అని కూడా అంటారు.

మాంసం వండని పూట పిల్లలకూ పెద్దలకూ కడుపు నిండే వంటకం ఇది. పని తక్కువ, ఖర్చు తక్కువ. ఈ పాఠంలో దానిని చేసే విధానం నేర్చుకుందాము. దానితోపాటు ఒక తెలుగు మాట కూడా నేర్చుకుందాము. ఆ మాట తెలియక మా ఇంట్లో ఒక రోజు ఏమి జరిగిందో ముందు చెబుతాను.

ఆ శుక్రవారం

కొన్నేళ్ల క్రితం మాట. అప్పుడు మా అమ్మాయికి పదమూడేళ్లు. మా పక్కింటివారు కాథలిక్కులు. ఆ ఇంటి ఇల్లాలిని మా అమ్మాయి 'తాంతిన్' అని పిలుస్తుంది. ఆమె దగ్గర కూర్చుని వంట చూడడం దానికి సరదా.

కాథలిక్కులు ఈస్టరు పండుగకు ముందు తపస్సుకాలం పాటిస్తారు. విభూతి బుధవారం నాడు, ఆ కాలంలో వచ్చే శుక్రవారాలలో వారు మాంసం తినరు. చేపలు, గుడ్లు, పాలు, చీజ్ తినవచ్చు. పూర్వం ఐరోపాలో ఆ రోజులలో గుడ్లు, పాలు కూడా మానేవారు. తరువాతి కాలంలో ఆ నియమం సడలింది. దీనినంతా మన దీవిలో 'కారెం' అంటారు. మన ఇళ్లలో పూజకు ముందు ఉండే నియమాన్ని కూడా క్రియోల్‌లో 'కారెం' అనే అంటాము. ఉగాది నుండి శ్రీరామనవమి వరకు వచ్చే తొమ్మిది రోజులు చాలా ఏళ్లలో వారి కారెం రోజులతో కలిసి వస్తాయి.

ఆ సంవత్సరమూ అలాగే వచ్చింది. మా అత్తగారు ఆ తొమ్మిది రోజులూ నియమంగా ఉంటారు. శుక్రవారం నాడు మా అమ్మాయి పక్కింటి నుండి పరుగెత్తుకుంటూ వచ్చి, "అమ్మా! తాంతిన్ వాళ్లు కారెంలో ఇదే తింటారట. నాన్నమ్మకు కూడా కారెమే కదా! ఈ పూట వంట నేను చేస్తాను" అన్నది. నేను పిల్లల పుస్తకాలు దిద్దుతున్నాను. తల ఎత్తకుండానే, "అందులో మాంసం లేదు కదా?" అని అడిగాను. "లేదమ్మా" అన్నది. "అయితే చెయ్యి" అన్నాను. అంతకుమించి ఒక్క మాట కూడా అడగలేదు.

గంటసేపు కష్టపడి చేసింది. పళ్లెం తెచ్చి నాన్నమ్మ ముందు పెట్టింది. ఆవిడ మొదటి ముద్ద నోటి దాకా తీసుకుని ఆగిపోయారు. "ఇందులో గుడ్డు వేశావా, అమ్మడూ?" అని మెల్లగా అడిగారు. వేశానన్నది. ఆవిడ ముద్ద పళ్లెంలో పెట్టి, చేయి కడుక్కుని వచ్చారు. ఒక అరటిపండు తిని, పాలు తాగి ఆ పూట గడిపారు. మా అమ్మాయి గుమ్మంలో నిలబడి ఏడ్చింది.

ఆవిడ దానిని దగ్గరకు పిలిచి, "నాకోసం చేశావు, నాకు కోపం లేదు. కాని మాంసం లేకపోవడం వేరు, నీచు లేకపోవడం వేరు. నీకు ఎవరూ చెప్పలేదా?" అన్నారు.

ఎవరు చెప్పాలి? నేనే చెప్పాలి. నేను తెలుగు ఉపాధ్యాయినిని. తరగతిలో ఎన్నో మాటలకు అర్థాలు చెప్పినదానిని. నా కూతురికి 'నీచు' అన్న మాట నేర్పలేదు.

పిల్లలూ! మాంసం, చేపలు, గుడ్లు వీటినన్నిటినీ కలిపి మన పెద్దలు 'నీచు' అంటారు. నియమంలో ఉన్నవారు 'నీచు ముట్టరు'. ఈ మాటను 'నీచం' అనే మాటతో కలపకూడదు. నీచం అంటే తక్కువైనది, చెడ్డది. నీచు తినేవారు తక్కువవారని అర్థం కాదు. మన ఇళ్లలో మామూలు రోజులలో చాలామంది తింటారు. 'కారెం' అన్న ఒక్క మాటలో రెండు ఇళ్ల నియమాలు కలిసిపోయాయి. 'నీచు' అన్న మాట తెలిసి ఉంటే మా అమ్మాయి ఆనాడే అడిగి ఉండేది.

ఇప్పుడు వంటకు వద్దాము.

కావలసిన వస్తువులు (నలుగురికి)

సీమవంకాయలు: మధ్యరకానివి 3
కోడిగుడ్లు: 4
పాలు: 200 మిల్లీలీటర్లు
చీజ్ తురుము: 100 గ్రాములు
ఉల్లిపాయ: 1
వెన్న: ఒక పెద్ద చెంచా, పళ్లానికి రాయడానికి మరికొంచెం
ఎండు రొట్టె పొడి: 2 పెద్ద చెంచాలు
మిరియాల పొడి: పావు చెంచా
ఉల్లికాడలు: కొద్దిగా
ఉప్పు: తగినంత

చీజ్‌లో ఉప్పు ఉంటుంది. కాబట్టి ఉప్పు చూసి వేయాలి.

చేసే విధానం

1. సీమవంకాయ చెక్కు తీసేటప్పుడు జిగురు కారి చేతులకు అంటుకుని, ఆరిన తరువాత చర్మం బిగుసుకుంటుంది. అందుకని నీళ్లలో ముంచి చెక్కు తీయాలి, లేదా చేతులకు నూనె రాసుకోవాలి.

2. కాయలను చిన్న ముక్కలుగా కోసి, కొంచెం ఉప్పు వేసిన నీళ్లలో పన్నెండు నుండి పదిహేను నిమిషాలు ఉడికించాలి. కత్తి మొన సులువుగా దిగితే ఉడికినట్లు.

3. ముక్కలను చిల్లుల గిన్నెలో వంచి పది నిమిషాలు వదిలేయాలి. తరువాత గరిటె వెనుక భాగంతో మెల్లగా ఒత్తాలి. ఈ కాయలో నీరు చాలా ఎక్కువ. ఆ నీరు పోకపోతే గ్రాతేన్ అడుగున చారులా తేలుతుంది. ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే.

4. ఓవెన్‌ను 180 డిగ్రీల సెల్సియస్‌కు పెట్టి ముందుగా వేడెక్కనివ్వాలి.

5. వెన్నలో సన్నగా తరిగిన ఉల్లిపాయను మెత్తబడే వరకు వేయించాలి. మాడనివ్వకూడదు. అందులో సీమవంకాయ ముక్కలు వేసి రెండు నిమిషాలు కలిపితే మిగిలిన తడి కూడా ఆరుతుంది. దించి చల్లారనివ్వాలి.

6. గుడ్లను ఒక్కొక్కటిగా చిన్న గిన్నెలో పగలగొట్టి, బాగున్నదో లేదో చూసి, పెద్ద గిన్నెలో వేయాలి. పాలు పోసి, సొన కలిసే వరకే గిలకొట్టాలి. నురుగు వచ్చేలా గిలకొడితే ఓవెన్‌లో పొంగి, బయటకు తీయగానే కుంగిపోతుంది. గుడ్లు ముట్టుకున్న చేతులను సబ్బుతో కడుక్కోవాలి.

7. మిరియాల పొడి, ఉల్లికాడలు, చీజ్ తురుములో మూడు వంతులు గుడ్ల మిశ్రమంలో కలపాలి. వెన్న రాసిన పళ్లెంలో ముక్కలు పరచి, ఈ మిశ్రమం పోయాలి. మిగిలిన చీజ్, రొట్టె పొడి పైన చల్లాలి.

8. ఓవెన్ మధ్య అరలో సుమారు ముప్పై నిమిషాలు ఉంచాలి. అంచుకు రెండు వేళ్ల దూరంలో కత్తి గుచ్చితే అది తడి లేకుండా రావాలి. పళ్లెం కదిపితే నడుమ కొద్దిగా వణకవచ్చు కాని పచ్చి సొన కారకూడదు.

9. దించాక పది నిమిషాలు కదపకుండా ఉంచాలి. అప్పుడు కోస్తే ముక్క నిలుస్తుంది. రొట్టెతోగాని, అన్నం పప్పుతోగాని తినవచ్చు. మిగిలినది రెండు గంటలలోపు ఫ్రిజ్‌లో పెట్టాలి.

ఓవెన్‌లో పళ్లెం పెట్టేటప్పుడు, తీసేటప్పుడు తప్పకుండా పెద్దవారు దగ్గర ఉండాలి. పళ్లాన్ని దళసరి పొడి గుడ్డతోనే పట్టుకోవాలి. తడి గుడ్డ గుండా వేడి వెంటనే చేతికి తగులుతుంది.

ఎందుకు గట్టిపడుతుంది?

గుడ్డులో మాంసకృత్తులు ఉంటాయి. వీటినే ప్రోటీన్లు అంటారు. వేడి తగిలితే అవి ఒకదానితో ఒకటి అల్లుకుని వలలాగా ఏర్పడతాయి. ఆ వలలో పాలు, కూరగాయ ముక్కలు నిలిచిపోతాయి. తెల్లసొన 60 డిగ్రీలు దాటగానే గట్టిపడడం మొదలు పెడుతుంది. పాలు కలిపిన గుడ్డు గట్టిపడడానికి సుమారు 80 డిగ్రీలు కావాలి. వేడి ఇంకా ఎక్కువైతే వల బిగుసుకుని లోపలి నీటిని బయటకు పిండేస్తుంది. అందుకే ఎక్కువసేపు కాల్చిన గ్రాతేన్ రబ్బరులా సాగి, నీరు వదులుతుంది.

'మాంసం లేని వంటలో మాంసకృత్తులు ఎలా వచ్చాయి?' అని మీరు అడగవచ్చు. మాంసకృత్తు అంటే మాంసాన్ని, అనగా మన ఒంటిలోని కండను, కలిగించేది అని అర్థం. మాంసం నుండి వచ్చినదని కాదు. పప్పులలోనూ పాలలోనూ ఇవి ఉన్నాయి. ఒక కోడిగుడ్డులో సుమారు 6 గ్రాముల మాంసకృత్తులు ఉంటాయి. పై కొలతలతో చేస్తే ఒక్కొక్కరికి గుడ్డు, చీజ్, పాలు కలిసి 12 గ్రాములకు పైగా అందుతాయి. మాంసం లేదన్న లోటు రాదు.

నీచు లేకుండా చేసే విధానం

నియమంలో ఉన్నవారికి గుడ్డు లేకుండా కూడా గ్రాతేన్ చేయవచ్చు. రెండు పెద్ద చెంచాల వెన్న కరిగించి, అందులో రెండు పెద్ద చెంచాల గోధుమపిండి వేసి, సన్నని మంట మీద రెండు నిమిషాలు కలపాలి. 300 మిల్లీలీటర్ల పాలు కొంచెం కొంచెంగా పోస్తూ, ఉండ కట్టకుండా తిప్పుతూ ఉంటే చిక్కబడుతుంది. ఇక్కడ పాలను పట్టి ఉంచేది గుడ్డు కాదు, పిండిలోని గంజి పదార్థం. దీనిలో ఉడికించి నీరు తీసిన ముక్కలు, ఉప్పు, మిరియాల పొడి కలిపి, పైన చీజ్ చల్లి, 180 డిగ్రీల వద్ద ఇరవై నిమిషాలు కాల్చాలి. పైభాగం ఎర్రబడితే చాలు.

చీజ్ విషయంలో ఒక జాగ్రత్త. పాలను విరిచి చీజ్ చేయడానికి రెన్నెట్ అనే పదార్థం వాడతారు. కొన్ని రకాల చీజ్‌లో అది దూడ కడుపు నుండి తీసినది. మరికొన్నిటిలో సూక్ష్మజీవుల నుండి తయారు చేసినది. నియమంగా ఉండేవారికి వండేటప్పుడు డబ్బా మీద ఏమి రాశారో చదివి, శాకాహారులకు తగినదని ఉంటేనే కొనాలి. ఉల్లిపాయ తినని వారుంటే అది కూడా మానవచ్చు.

ఆదివారం

రెండు రోజుల తరువాత, ఆదివారం నాడు, మా అమ్మాయి మళ్లీ ఓవెన్ వెలిగించింది. ఈసారి ముందుగా నాన్నమ్మ దగ్గరకు వెళ్లి, "నాన్నమ్మా! పాలు తింటావా? చీజ్ తింటావా? ఉల్లిపాయ?" అని ఒక్కొక్కటీ అడిగింది. డబ్బా మీద రాసినది చదివి వినిపించింది. ఆవిడ రెండుసార్లు పెట్టించుకుని తిన్నారు. ఒక గిన్నెడు పక్కింటికి పంపారు. తాంతిన్ గిన్నె తిరిగి ఇస్తూ, వచ్చే శుక్రవారం తానూ అలాగే చేస్తానన్నది. రెండు కారెంలకూ సరిపోయిన వంట అది.

నవమి దాటిన తరువాత నాన్నమ్మే ఒక రోజు, "ఆనాడు నేను తినలేదే, ఆ గుడ్డు వేసినది ఒకసారి చెయ్యవే" అని అడిగారు. మా అమ్మాయి చేసింది. అందరమూ కూర్చుని తిన్నాము.

పిల్లలూ! ఇతరులకు వండి పెట్టడం మంచి పని. వండడానికి ముందు వారేమి తింటారో, ఏమి తినరో అడగడం కూడా ఆ వంటలో భాగమే.

కొత్త మాటలు

సీమవంకాయ: సూసూ, బెంగళూరు వంకాయ
నీచు: మాంసం, చేపలు, గుడ్లు
నియమం: వ్రతం కోసం పెట్టుకున్న కట్టుబాటు
సొన: గుడ్డు లోపలి ద్రవం
మాంసకృత్తులు: ప్రోటీన్లు
చిల్లుల గిన్నె: నీరు వంచడానికి రంధ్రాలు ఉన్న గిన్నె

ప్రశ్నలు

1. నాన్నమ్మ ఆ శుక్రవారం గ్రాతేన్ ఎందుకు తినలేదు?
2. తల్లి చేసిన పొరపాటు ఏమిటి?
3. ఉడికిన సీమవంకాయ ముక్కల నీరు ఎందుకు తీయాలి?
4. 'నీచు', 'నీచం' అనే మాటలను సొంత వాక్యాలలో ఉపయోగించండి.
5. ఉడికించు, వేయించు, కాల్చు, గిలకొట్టు: ఈ క్రియలతో ఒక్కొక్క వాక్యం రాయండి.

ఇంటి పని

మీ ఇంట్లో పెద్దవారు నియమం పాటించే రోజులు ఏవి? ఆ రోజులలో వారు ఏమేమి తింటారు, ఏమేమి మానుతారు? వారినే అడిగి, వారు చెప్పిన తెలుగు మాటలతోనే పది వాక్యాలు రాసి తీసుకురండి.